మా మామ పేరు నా నోట పలికించిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, నా పెద్దకొడుకు తొమ్మిది రోజులు బతికాడు, రెండోవాడు అయిదు నెలలు బతికాడు. ఒకడికి ప్రేమ్‌కుమార్ అని, ఇంకొకడికి విజయానంద్ అని వాళ్ళనూ వీళ్ళనూ అడిగి మంచి మంచి పేర్లు ఏరి పెట్టుకున్నాను, ఇద్దరినీ మట్టిలో పెట్టి వచ్చాను. ఇది డెబ్బైల మొదట్లో మాట. నా పేరు సుగుణ, వరంగల్‌లోనే ఉంటాం, మా ఆయన బట్టల మిల్లులో పని చేస్తాడు, నేను ఇంట్లో కుట్టుమిషను తొక్కుతాను. నాకు జాకెట్లు కుట్టడం వచ్చు కానీ సాక్ష్యం చెప్పడం రాదు, మధ్యమధ్య అతుకులు కనబడితే క్షమించండి.

మాతోపాటు మా మామ ఉండేవాడు. ఆయన పేరు పెంటయ్య. బాప్తిస్మంలో దావీదు అని పెట్టారు గాని ఆ పేరు సంఘం రిజిస్టరులోనే ఉండిపోయింది, వాడకట్టంతా పెంటయ్య అనే పిలిచేది. నేను అప్పట్లో పదో తరగతి దాకా చదివినదాన్నని కొంచెం గొప్పలే పోయేదాన్ని. నా స్నేహితురాళ్ళు నవ్వుతారని పెళ్ళికార్డు మీద మా మామ పేరు దావీదు అని వేయించాలని పట్టుబట్టి మరీ వేయించాను. ఆయన ఆ కార్డు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు నాకు సంతోషమే లేదు, సహోదరులారా! ఎవరైనా ఎన్నో నెల అని అడిగితే కొంగు కప్పుకునేదాన్ని. మా పక్కింటి రాజవ్వ మంచి మనసున్న మనిషి, నా ఇద్దరు పిల్లలు పోయినప్పుడు మా ఇంట్లో పొయ్యి వెలిగించింది ఆవిడే. విశ్వాసి కాదు, తన పెద్దలు చేసిందే తనకు తెలుసు. ఒకరోజు నా పక్కన కూర్చుని అన్నది, “పెద్ద పెద్ద పేర్లు పెడితివి, ముద్దులు చేస్తివి, సావు కండ్లల్ల పడ్డరు. ఈసారన్న జర నా మాట ఇను బిడ్డా. కుప్ప మీద ఏసి కొనుక్కో.”

ఈ ఆచారం మన పెద్దవాళ్ళకు తెలిసిందే. పుట్టిన పిల్లలు దక్కకపోతే, తరువాత పుట్టినవాణ్ణి చాటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచుతారు. ఎవరో ఒకామె తనకు దొరికినట్టు ఎత్తుకుంటుంది, తల్లి ఆవిడకు ఇంత తవుడిచ్చి కొనుక్కుంటుంది, పెంటయ్య అని పేరు పెడతారు. అంటే వీడు ఎవరికీ అక్కరలేని పిల్లవాడు, చావు కూడా వీణ్ణి చూసి పక్కకు పోవాలని. ఆ తరువాత కూడా కొత్తబట్ట వేయకూడదు, నలుగురిలో ముద్దు చేయకూడదు.

నేను అది చేశాను. సంఘంలో ఈ మాట ఒప్పుకోవడానికి నాకిప్పటికీ సిగ్గే! బిడ్డకు పదోరోజున మా ఆయన మిల్లుకు పోయాక, మా మామ పత్తి ఏరే రోజులని నర్సంపేటలో కూతురి దగ్గర ఉండగా, రాజవ్వా నేనూ కలిసి ఆ పని చేశాం. రాజవ్వ నోటితోనే వాడికి పెంటయ్య అని పేరు పడింది. నేను ఎలాగూ మామ పేరు నోటితో అనకూడదు కదా, అందుకని ‘ఏ పోరడా’ అని ఊరుకున్నాను. మా ఆయనకు అసలు సంగతి చెప్పలేదు, వాడకట్టు వాళ్ళు తన తండ్రి పేరు పెట్టి పిలుస్తున్నారని ఆయన పాపం మురిసిపోయాడు!

రెండు నెలలు గడిచాయి. నాకు చేపు వచ్చి పాలు పడుతుంటే కూడా వాడి ముఖం చూడకుండా గోడ వైపు చూసేదాన్ని. ఇంతలో వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఒకరోజు చూశాను, రెండోరోజు చూశాను. కళ్ళు లోపలికి పోయాయి, ఏడుపు పిల్లికూన అరిచినట్టయింది. దవాఖాన ఎంతో దూరం లేదు, అయినా నేను లేవలేదు. డాక్టరు దగ్గరికి ఎత్తుకుని పరుగెత్తితే వీడు నాకు ప్రాణమని తెలిసిపోతుంది, అంతా చెడిపోతుంది అనుకున్నాను. మా ఆయన అడిగితే చలి తగిలిందని అబద్ధం చెప్పాను. ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చునే మనిషిని, నా పిల్లవాణ్ణి నేనే చంపుకోబోయాను సహోదరులారా!

మూడోరోజు పొద్దున మా మామ నర్సంపేట బస్సు దిగి వచ్చాడు. సంచీ పెట్టి బిడ్డను చూసి, “ఏంది బిడ్డా, పిలగాడు గిట్లున్నడు? దవాఖానకు తోల్కపోలేదా?” అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. కుప్ప మీద పెట్టిన దగ్గర నుంచి మొత్తం చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. బిడ్డను తువ్వాలలో చుడుతూనే మాట్లాడాడు.

“నన్ను గూడ గట్లనే ఏసిండ్రు బిడ్డా. నాకంటే ముందట ముగ్గురు పోయిండ్రట. నన్ను కన్న అవ్వ సచ్చేదాంక భయపడుకుంటనే బతికింది. ఒక్కనాడు ముద్దు పెట్టుకోలే, పేరు పెట్టి దగ్గరికి పిలువలే. ఏ పోరడా అనుడే. బతికితే బతికిన గని, అవ్వ ఉండి గూడ లేనోని లెక్క పెరిగిన. వీన్ని గూడ గట్లనే పెంచుతవా?”

అంటూనే బయలుదేరాడు. బిడ్డను గుండెకు హత్తుకుని బజారు మధ్య నుంచి గబగబా నడుస్తుంటే, ఆ ముసలాయన అడుగులను అందుకోలేక నేను వెనక పరుగెత్తాను. పెద్ద దవాఖానలో డాక్టరమ్మ చూసి, ఇంకొక్క పూట ఆగితే చేసేదేమీ ఉండకపోవునని మందలించి సెలైన్ పెట్టింది. నేను వరండాలో మోకాళ్ళ మీద పడి ప్రార్థించాను. ఆ ప్రార్థన నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“ప్రభువా, వీన్ని సావుకు కనబడకుంట దాసిన అనుకున్న, నీకు గూడ దాసిన. నన్ను క్షమించు. వీడు నాకు పానం, ఇగ దాస్తలేను. ఉంచినా నీ ఇష్టం, తీసుకపోయినా నీ ఇష్టం. గని ముద్దు పెట్టుకోకుంట నేనుండలేను తండ్రీ!”

లేచి లోపలికి పోయి, మంచం చుట్టూ అంతమంది ఉండగానే వాడి నుదురు, బుగ్గలు, సూది గుచ్చిన చెయ్యి అన్నీ ముద్దు పెట్టుకున్నాను. నిజం చెప్పాలి, అప్పటికింకా విరేచనాలు కట్టలేదు, సెలైన్ ఎక్కుతూనే ఉంది, కానీ రెండేళ్ళుగా నా గుండె మీద కూర్చున్న భయం లేచి వెళ్ళిపోయింది. నాలుగోరోజు వాడు ఆవురావురుమని పాలు తాగాడు. డాక్టరమ్మ చేతిని వాడుకున్నది నా దేవుడే. ఆయనకే మహిమ!

ఇక బాప్తిస్మానికి పేరు కావాలి. మా ఆయన రాజ్‌కుమార్ అని చీటీ మీద రాసి పెట్టుకున్నాడు, ఆ రోజుల్లో అది గొప్ప పేరు. నేను మాత్రం శనివారం మా మామ అన్నం తింటుండగా నా మనసులోని మాట చెప్పాను. ఆయన ముద్ద కింద పెట్టేశాడు. “వద్దు బిడ్డా. గా పేరుతోని నేను నవ్వులపాలయింది సాలు. బడిల పోరగాండ్లు సంపుక తింటరు” అన్నాడు.

ఆదివారం గుడిలో పాస్టరు అయ్యగారు బిడ్డను చేతుల్లోకి తీసుకుని పేరేమిటని అడిగారు. మా ఆయన చీటీ తీసేలోగానే నేను, “పెంటయ్య” అన్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి, “అయ్యో, మామ పేరు నోట్లకెళ్ళి తీస్తాంది సూడుండ్రి” అని వినబడింది. అయ్యగారి ముఖం ఎర్రబడింది. “అమ్మా, పిల్లలు పోతారని భయపడి పెట్టే పేరు ఇది. దేవుని సన్నిధిలో ఈ పేరు నేను పెట్టను” అన్నారు. ఆయన తప్పేమీ లేదు.

నేను ముసుగు సర్దుకుని, “అయ్యగారూ, మొదలు భయపడే పెట్టిన, కుప్ప మీద గూడ ఏసిన. దేవున్ని క్షమించుమని అడిగిన, మిమ్ముల గూడ అడుగుతున్న. ఇయ్యాల భయం లేదు. నా కొడుకును సావకుంట మోసుకపోయిన మా మామ పేరని పెడ్తున్న” అన్నాను.

అయ్యగారు మా మామ వైపు చూశారు. ఆయన కర్ర పట్టుకుని మెల్లగా లేచాడు. వద్దంటాడనే అనుకున్నాను. “పెట్టుండ్రి అయ్యగారూ” అన్నాడు. తరువాత నా వైపు తిరిగి, “పిలువు బిడ్డా, నోరార పిలువు. మా అవ్వ పిలువలే” అన్నాడు. నేను బిడ్డ ముఖం దగ్గరికి వంగి పెంటయ్యా అని పిలిచాను. వాడు ఆవులించాడు. వెనక వరసలో నుంచి మా మామ, “ఆఁ” అని పలికాడు.

అయ్యగారు నీళ్ళు చల్లి, దేవుడు బీదవాణ్ణి పెంటకుప్ప మీద నుంచి లేవనెత్తుతాడన్న వాక్యం చదివి ప్రార్థించారు. మా మామ నాలుగేళ్ళ కింద ప్రభువు దగ్గరికి పోయాడు.

పోయిన వారం మా అబ్బాయి బడిలో పదో తరగతి పరీక్షకు ఫారాలు ఇచ్చారు. పేరు మార్చుకోవాలంటే ఇదే సమయమని, ఈ పేరుతో రేపు నౌకరీకి పోతే నవ్వుతారని సారు మంచికే చెప్పి పంపారు. నేను వాణ్ణి కూర్చోబెట్టి, వాణ్ణి దవాఖానకు ఎత్తుకుపోని ఆ రెండు రోజుల సంగతి, ఇన్నాళ్ళూ దాచింది కూడా చెప్పాను. వాడు చాలాసేపు నేలచూపులు చూశాడు. నామీద అసహ్యం పుట్టిందేమో అనుకున్నాను. మర్నాడు బడికి పోయి ఫారంలో తన పేరు తనే నింపి వచ్చాడు. ఏం రాశావని అడిగితే, “నువ్వు పిలిచే పేరే అమ్మా” అన్నాడు.

ఈ మాట చెప్పడానికే మీ ముందు నిలబడ్డాను. మీలో ఎవరి గుండె మీదైనా అలాంటి భయం కూర్చుని ఉంటే, దాన్ని ప్రభువు ముందు పెట్టండి, నన్ను విడిపించినవాడు మిమ్మల్నీ విడిపిస్తాడు. ఇంటికి పోగానే మీ పిల్లల్ని పేరు పెట్టి దగ్గరికి పిలవండి. వాళ్ళు ‘ఆఁ’ అని పలుకుతుండగానే ఆయనకు స్తోత్రం చెప్పండి. ఆమేన్.