రాములమ్మ పేరు మీద మోటారు

చిన్న మంగళారంలో రాములమ్మ పేరు మీద ఒక రేషన్ కార్డు, రెండు గదుల ఇల్లు, బాలమల్లు పొలంలోని బోరు మోటారుకు బిగించిన సిమ్ము ఉన్నాయి. మొదటి రెండింటి గురించి ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

బాలమల్లు ఆమెకు చిన్నాయన కొడుకు. అతని పొలం ఫామ్‌హౌస్‌ల వెనక ఉంది. పొద్దున్నే చీకట్లో బోరు దాకా నడవలేక, ఫోన్ చేస్తే మోటారు నడిచే స్టార్టరు డబ్బా కొన్నాడు. అందులోకి ఒక సిమ్ము కావాలి. మొయినాబాద్‌లో సిమ్ములమ్మే దుకాణానికి వెళ్లి మెషీను మీద వేలు పెట్టాడు. రాళ్లు కొట్టి గీతలన్నీ అరిగిపోయిన వేలు అది. మెషీను ఒప్పుకోలేదు. అదే షేర్ ఆటోలో వచ్చిన రాములమ్మ పక్కనే నిలబడి జామకాయ తింటోంది.

"అక్కా, జర నీ ఏలు పెట్టరాదు?"

"చేతికి ఉప్పంటిందిరా."

"తుడ్సుకొని పెట్టు. నీ ఏలేం అరిగిపోతదా?"

రాములమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని పెట్టింది. ఆ ఊళ్లో గడ్డపార ఇచ్చినట్టే వేలు కూడా ఇస్తారు.

రాములమ్మ ఫామ్‌హౌస్‌లు ఊడ్చేది. పట్నం వాళ్లు ఆదివారాలు వచ్చిపోతారు. మిగతా రోజులు ఆ ఇళ్లు ఆమెవే. తాళం చెవులన్నీ ఒకే తాడుకు గుచ్చి నడుముకు కట్టుకునేది. సీసాలో మిగిలిన మందు వచ్చే ఆదివారం దాకా అదే గీత దగ్గర ఉండే ఇళ్లు ఆమె ఊడ్చేవి మాత్రమేనని వాచ్‌మన్లే ఒప్పుకుంటారు.

ఒక రాత్రి శ్రీకాంత్ అనే ఆసామి ఫామ్‌హౌస్‌లో ఇన్వర్టరు బ్యాటరీలు, పెద్ద టీవీ పోయాయి. తాళం పగలలేదు. తాళం చెవి రాములమ్మ దగ్గరుంది. పోలీసులు చుట్టుపక్కల వాళ్ల కాల్ రికార్డులు తెప్పించారు. బాలమల్లు ఆ తెల్లవారుజామున ఒక నంబరుకు ఫోన్ చేశాడు. అంతకు ముందు రోజూ చేశాడు. అసలు రోజూ చేస్తాడు. నంబరు రాములమ్మ పేరు మీద ఉంది.

"సార్, అది మోటరుది," అంది రాములమ్మ స్టేషన్లో.

"మోటరుకు అతను రీచార్జి ఎందుకు చేయిస్తున్నడు?" అన్నాడు ఎస్సై.

"చేయకుంటే నడవదు సార్."

ఎస్సై తన ఫోన్ తీసి ఆ నంబరుకు కొట్టాడు. ఒకసారి మోగి కట్టయింది.

"చూసినవా? నా నంబరు చూసి కట్ చేసిండ్రు."

ఆ డబ్బా బాలమల్లు ఫోనుకు తప్ప వేరే ఫోనుకు పలకదని బాలమల్లు చెప్పాడు. అతని ఫోన్ అప్పటికే గుడ్డ సంచిలో పెట్టి లక్క ముద్ర వేశారు. పోయి డబ్బా చూడమన్నాడు. "డబ్బా ఉంటే ఉంటది. సిమ్ము మొన్న పెట్టినవేమో," అన్నాడు ఎస్సై. సమాచారం ఇచ్చింది రాములమ్మ, ఎత్తుకుపోయింది బాలమల్లు అని కేసు రాశారు.

ఇద్దరికీ బెయిలొచ్చింది. ఫామ్‌హౌస్‌ల వాళ్లు ఒకరి తర్వాత ఒకరు డ్రైవర్లను పంపి తాళం చెవులు తెప్పించుకున్నారు. రాములమ్మ పక్కనున్న హిమాయత్‌నగర్ ఊరి వైపు పూలతోటల్లో కూలికి పోయింది. పని దొరికింది. కానీ మధ్యాహ్నం ఆమె వచ్చి కూర్చుంటే పక్కామె తన సంచిని అవతలి వైపుకు జరిపేది. సంచిలో సద్ది గిన్నె, చీపురు పుల్లతో కుట్టిన విస్తరి తప్ప ఏమీ ఉండవు. అయినా జరిపేది. రాములమ్మకు నిద్ర పట్టనిది దానికే.

కేసు చేవెళ్లలో కోర్టుకు వచ్చింది. వాళ్ల తరఫున వకీలు సమత. ఫోన్ కంపెనీ నుంచి శశిధర్ అనే ఉద్యోగి రికార్డులూ, అవి అసలువేనన్న సర్టిఫికెట్టూ పట్టుకుని బోనెక్కాడు. సర్కారు వకీలు అడిగినవన్నీ చదివి వినిపించాడు. నంబరు రాములమ్మదే. కాల్స్ బాలమల్లువే. ప్రతి కాలూ కొన్ని సెకన్లే.

"దొంగలు పొడుగ్గా మాట్లాడరు," అని సర్కారు వకీలు జడ్జికి మనవి చేశాడు.

సమత లేచింది. "రాములమ్మ నంబరు ఈ ఏడాదిలో ఏయే టవర్ల కింద ఉందో చెప్పండి."

శశిధర్ కాగితాలు తిప్పాడు. "ఒకటే టవరు మేడం."

"దసరాకు ఆమె కూతురింటికి మోకిల పోయింది. అప్పుడు?"

"అదే టవరు."

"ఆ నంబరు నుంచి ఎవరికైనా ఫోన్ పోయిందా? కూతురికి?"

"ఒక్కటి కూడా లేదు మేడం."

"ఎత్తింది మనిషా, యంత్రమా? మీ రికార్డు చెప్తుందా?"

"ఎత్తారని చెప్తుంది మేడం. ఎవరో చెప్పదు."

సంచి విప్పి బాలమల్లు ఫోనుతోనే ఆ నంబరుకు కొట్టి చూడాలని సమత అడిగింది. సర్కారు వకీలు అభ్యంతరం చెప్పాడు. జడ్జి విప్పమన్నారు. ఫోన్లో చార్జింగు లేదు. అటెండరు తన చార్జరు తెచ్చి పెట్టాడు. అది నిండే లోపు ఒక చెక్కు బౌన్సు కేసు, ఒక గట్టు తగాదా వాయిదా పడ్డాయి. బాలమల్లు భార్య నీలమ్మ రెండు సిమ్ములకూ రీచార్జి ఆపకుండా చేయిస్తూ వచ్చింది. డబ్బాలో వేరే ఫోన్ నంబరు ఎక్కించడానికి మెకానిక్కు రాలేదు మరి. ఫోన్ వెలిగింది. స్పీకరు పెట్టి నంబరు నొక్కారు. రెండుసార్లు మోగాక ఒక ఆడగొంతు పలికింది.

"నమస్కారం. మీ మోటారు ఆన్ చేయబడింది. ధన్యవాదాలు."

సర్కారు వకీలు రాములమ్మ వైపు తిరిగాడు.

"ఈ గొంతు నీదేనా?"

"నాదైతే గంత మర్యాదగ మాట్లాడుతనా సార్?"

బాలమల్లు చేతులు జోడించాడు. "సార్, మళ్ల ఒకపారి కొట్టుండ్రి. పొద్దుగాలనే టమాటకు తడి పెట్టినం. గిప్పుడు గిన ఆగకపోతే మొత్తం కుళ్లిపోతది."

"అదేం కుదరదు," అన్నాడు సర్కారు వకీలు. జడ్జి మళ్లీ కొట్టమన్నారు. మోటారు ఆఫ్ చేయబడిందని ఆ గొంతే చెప్పింది. రెండు కాల్స్ సంగతీ జడ్జి రికార్డులో రాయించారు.

తర్వాతి వాయిదాకు తీర్పు వచ్చింది. ఇద్దరినీ వదిలేశారు. బయట మెట్ల మీద రాములమ్మ తీర్పు కాగితాలు సమత ముందు పరిచింది.

"అమ్మా, రాములమ్మ దొంగతనం చేయలేదు అని ఏడ రాసిండ్రో జర చూపెట్టు."

"అట్ల రాయరు పెద్దమ్మా. నేరం రుజువు కాలేదు, అనుమానం ఉన్నది కాబట్టి వదిలేసినం అని రాస్తరు."

"అనుమానం ఉన్నదనా?"

"పోలీసులు చెప్పినదాని మీద అనుమానం."

"గది మా పూలతోటల ఆడోళ్లకు ఎవలు చెప్పాలె?"

రాములమ్మ కాగితాలు మడిచి సమతకే ఇచ్చేసింది.

వారం తిరక్కముందే శ్రీకాంత్ ఫోన్ చేశాడు. కొత్తామె సరిగా ఊడవడం లేదట. "అయిందేదో అయిపోయింది, రేపట్నుంచి వచ్చెయ్," అన్నాడు.

"ఫోన్ల చెప్తే ఎట్ల సార్? ఎత్తింది నేనో, ఇంకెవలో మీకెట్ల ఎరుక? గేటు కాడికి వచ్చి చెప్పుండ్రి. ఆదివారం నాతోటి పనిచేసేటోళ్లను తీస్కొని వస్త."

ఆదివారం ఆమె నలుగురు పూలతోట ఆడవాళ్లతో గేటు ముందు నిలబడింది. శ్రీకాంత్ బయటికి వచ్చి, రాములమ్మ ఏమీ తీయలేదని నేల చూస్తూ అన్నాడు.

"వెనకామెకు ఇనబడలే సార్."

శ్రీకాంత్ తలెత్తి మళ్లీ చెప్పాడు. రాములమ్మ వెనక్కి తిరిగి చూసింది. వెనకామె తల ఊపింది. అప్పుడు రాములమ్మ తాళం చెవి కోసం చెయ్యి చాచింది.