తలుపు మీద తొమ్మిది

మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. బోగీల కింద బోల్టులు బిగించడం, బిగించినవాటిని ఒక్కొక్కటిగా చూడడం ఆయన పని. చూసిన బోల్టు మీద సుద్దతో ఒక గీత గీస్తాడు. గీత పడ్డాక దాన్ని మళ్లీ ముట్టుకోడు. రెండోసారి చూశావంటే మొదటిసారి సరిగ్గా చూడలేదనే అర్థం అంటాడు.

ఆయన నిజాయితీతో మేం పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఒకసారి మా క్వార్టర్‌లో కుళాయి వాషర్ పోయి మూడు వారాలు నీళ్లు కారాయి. వర్క్‌షాపులో అలాంటివి డబ్బాల నిండా ఉంటాయి. ఒక్కటి జేబులో వేసుకొస్తే ఎవరూ అడగరు. ఆయన మాత్రం తీరిక దొరికే ఆదివారం దాకా ఆగి, సీతాఫల్‌మండి వెళ్లి కొనుక్కొచ్చాడు. "మీ నాయినకు రైల్వేవాళ్లు గుడి కడతరు బిడ్డా, నువ్వు రోజూ పోయి కొబ్బరికాయ కొట్టు" అని అమ్మ బకెట్ మార్చినప్పుడల్లా విసుక్కునేది. నేను నవ్వేదాన్ని. లోపల మాత్రం ఎంత గర్వమో. ఇంత ముక్కుసూటి మనిషి మా కాలనీలో ఇంకొకరు లేరని స్కూల్లో కూడా చెప్పుకునేదాన్ని.

ఇంటర్ రెండేళ్లూ నన్ను చదివించింది ఆ మనిషే. ఆయన పదో తరగతి దగ్గరే ఆగిపోయాడు. నాకు మెడికల్ ఎంట్రన్స్‌లో ర్యాంకు రావాలన్నది ఆయన పట్టుదల. డ్యూటీ దిగి స్నానం చేసి, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని నా ప్రశ్నల పుస్తకం చేతిలోకి తీసుకునేవాడు. నేను ఎదురుగా నేల మీద కూర్చోవాలి, పుస్తకంలోకి తొంగిచూడకూడదు. ప్రశ్న, నాలుగు ఆప్షన్లు కూడబలుక్కుంటూ చదివేవాడు. ఆ మాటల్లో సగం ఆయనకు అర్థమయ్యేవి కావు. నేను జవాబు చెబితే వెనక పేజీలో సరిచూసుకునేవాడు. యాభై ప్రశ్నలు అయ్యాక, ఎన్ని తప్పులు పోయాయో తలుపు వెనక సుద్దతో రాసేవాడు. గోడ మీద రాస్తే రైల్వే గోడ ఖరాబైతదట. తలుపు కూడా రైల్వేదే కదా నాన్నా అంటే, "తలుపు మీదిది తుడిస్తే పోతది" అనేవాడు.

ఒకటే రూలు. ఏ ప్రశ్నా రెండోసారి అడగడు. తప్పు చెబితే తప్పే. ఏడ్చినా, మళ్లీ అడగమని బతిమాలినా వినడు. ఇరవై ఒకటి, పద్దెనిమిది, పదహారు, మళ్లీ పంతొమ్మిది. తలుపు వెనక అంకెలు ఒకదాని కింద ఒకటి దిగుతూ, ఎక్కుతూ ఉండేవి. వాటిని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఒక్కోసారి ఆయన డ్యూటీకి వెళ్లాక తుడిచేద్దామనిపించేది కానీ ధైర్యం చాలలేదు.

పరీక్ష ఆదివారం. శనివారం నాన్న ఎన్నడూ లేనిది సెలవు పెట్టాడు. అన్నం తిన్నాక పుస్తకం తీసి, మధ్యలో ఏదో కాగితం పెట్టుకుని అడగడం మొదలుపెట్టాడు. అదేంటని అడిగితే, "మోడల్ పేపర్. మా షాపులోని ఒకాయన ఇచ్చిండు, ఆయన కొడుకు సుత రాస్తుండు" అన్నాడు. నలభై ప్రశ్నలు. వాటిలో అద్దం లెక్క ఒకటి. వస్తువు ఇరవై సెంటీమీటర్ల దూరంలో ఉంది, పుటాకార దర్పణం నాభ్యంతరం యాభై ఒకటి, ప్రతిబింబం ఎక్కడ అని.

"తప్పు చదువుతున్నవ్ నాన్నా. యాభై ఒకటైతే ఏ ఆప్షనూ రాదు."

"ఈడ గట్లనే ఉంది."

"పదిహేను అయ్యుంటది. అప్పుడు అరవై వస్తది. ఆప్షన్లల్ల అరవై ఉందా, లేదా?"

"ఉంది. కానీ ఈడ యాభై ఒకటే ఉంది" అని కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని మళ్లీ చూశాడు. ఇలాంటి చెత్త పేపర్లు ఎక్కడ దొరుకుతాయి నీకు అని కసురుకున్నాను. ఆయన తర్వాతి ప్రశ్నకు వెళ్లాడు.

నలభైలో తొమ్మిది తప్పులు పోయాయి. తలుపు వెనక తొమ్మిది అని రాశాడు. తర్వాత మళ్లీ కుర్చీలో కూర్చుని ఆ తొమ్మిదీ మళ్లీ అడిగాడు. రెండేళ్లలో మొదటిసారి. నాకు రాకపోతే జవాబు ఆయనే చెప్పి మూడోసారి అడిగాడు. ఒక్కటి కూడా తప్పు పోనంత వరకు వదల్లేదు. రేపే పరీక్ష కదా, ఆ రాతిగుండె కూడా కరిగింది అనుకున్నాను. నా పిచ్చిగానీ, ఆ సాయంత్రం ఆయన మీద ఎంత ప్రేమ పొంగిందో ఇప్పుడు రాయాలంటే సిగ్గేస్తోంది.

పరీక్ష బాగా రాశాను. అద్దం లెక్క వచ్చింది, పదిహేనుతోనే. ఇంకా చాలా తెలిసినవే వచ్చాయి. అనుమానం రాలేదా అని మీరడగొచ్చు. మాదిరి ప్రశ్నలు ఏటా తిరిగి వస్తూనే ఉంటాయి, కోచింగ్ సెంటర్ల వాళ్లందరూ మా మెటీరియల్ నుంచే వచ్చాయని చెప్పుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అనుకోవడమే హాయిగా ఉందేమో కూడా. గేటు బయట ఎండలో నిలబడ్డ నాన్న రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు అడిగినయే మస్తు వచ్చినయ్ నాన్నా" అని గట్టిగా చెప్పాను. ఆయన రోడ్డు వైపు చూస్తూ, "బస్సొస్తుంది, నడువు" అన్నాడు.

ర్యాంకు వచ్చింది. ప్రభుత్వ కాలేజీలో సీటు ఖాయమనిపించే ర్యాంకు. అమ్మ కాలనీ అంతా మిఠాయిలు పంచింది. నాన్న ఒక్క లడ్డూ కూడా నోట్లో పెట్టుకోలేదు. షుగర్ వచ్చేటట్టుంది అన్నాడు.

వారం తిరక్కుండానే పేపర్ లీకైందని టీవీలో మొదలైంది. పరీక్ష రద్దు చేయాలని కొందరు కోర్టుకు వెళ్లారు. నాకు మండిపోయింది. ఎవడో దొంగిలిస్తే నా రెండేళ్ల కష్టం ఎందుకు పోవాలి? కంచం ముందు కూర్చున్నప్పుడల్లా అదే గొడవ. దొంగలను చదువుకే దూరం చేయాలన్నాను. అలాంటి పిల్లల్ని కన్నవాళ్లను ముందు జైల్లో వేయాలని కూడా అన్నాను. నాన్న పక్కనే కూర్చుని, అన్నం కలుపుకుంటూ అంతా విన్నాడు. ఒక రోజు కాదు, నెల రోజులు విన్నాడు.

ర్యాంకులు వచ్చిన పిల్లల తల్లిదండ్రులు కొందరు కలిసి, పరీక్ష రద్దు చేయొద్దని పిటిషన్ వేస్తున్నారని తెలిసింది. మారేడ్‌పల్లిలో ఒక లాయరమ్మ చూస్తోందట. మనమూ చేరదాం అన్నాను. "మనకెందుకు బిడ్డా గా కోర్టులు, ఆళ్లు చూసుకుంటరు" అని నాన్న నాలుగు రోజులు తప్పించుకు తిరిగాడు. నేను వినలేదు. అన్నం మానేస్తానని బెదిరించాను. నాకింకా పద్దెనిమిది నిండలేదు కాబట్టి నా తరఫున తండ్రే అఫిడవిట్ ఇవ్వాలి. లీకైన పేపర్‌ను నా కూతురు చూడలేదు, సొంత కష్టంతోనే పరీక్ష రాసింది అని అందులో ఉంది. నాన్న దాన్ని రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టాడు. నేను పక్కన నిలబడి మురిసిపోయాను.

ఇంకొక రోజు కాగితాల కోసం నేనొక్కదాన్నే లాయరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఓపికగా చెప్పింది. "కోర్టు చూసేది ఒక్కటేనమ్మా. పేపర్ అంతటా పాకిందా, ఒకచోటే ఆగిందా? తప్పు చేసినవాళ్లను, చేయనివాళ్లను వేరు చేయగలమా, లేదా? బియ్యంలో రాళ్లుంటే ఏరుకుంటాం, బస్తా పారబోయం కదా. అదే మన వాదన." నాకు చాలా నచ్చింది. పోలీసులు కోర్టుకిచ్చిన లీకు కాగితం ఫొటోకాపీ బల్ల మీదే ఉంది, కావాలంటే చూడు అంది. ఎవరో చేత్తో రాసిన కాగితం. నలభై ప్రశ్నలు. మూడో వరుస దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. వస్తువు దూరం ఇరవై, నాభ్యంతరం యాభై ఒకటి.

పైనుంచి కిందికి చదివాను. శనివారం నాన్న అడిగిన వరుసే. తొందరలో ఎత్తిరాసినవాడు పదిహేనును తిరగేశాడు. మా నాన్న ఆ తప్పుతో సహా, ఉన్నది ఉన్నట్టు నాకు చదివి వినిపించాడు. లెక్క తెలిసినవాడైతే సరిదిద్దేవాడు. అప్పుడు నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

బస్సెక్కలేదు. ఇంటిదాకా నడిచే వచ్చాను. నాన్న తలుపు దగ్గర కుర్చీలోనే ఉన్నాడు.

"ఆ మోడల్ పేపర్ యాడిది నాన్నా?"

ఆయన నా మొహం చూశాడు. అబద్ధం చెప్పడం రాని మనిషి. చెప్పకుండా ఉండడం మాత్రం బాగా వచ్చు.

"తెలిసిందా" అన్నాడు.

"దొంగ సంతకం పెట్టినవ్ నువ్వు."

"దొంగది కాదు. నువ్వు చూడలేదని రాసిండ్రు. నువ్వు చూసినవా? చూసింది నేను. అందుల అబద్ధమేముంది?"

కుళాయి వాషర్ కూడా తీసుకురాని మనిషి. ఇంత లెక్క ఎప్పుడు నేర్చుకున్నాడో.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ముట్టకపోదువు."

"మరెందుకు అడిగినవ్?"

ఆయన తలుపు వెనక అంకెల వైపు చెయ్యి చూపించాడు. "రెండేండ్ల సంది నేనే రాస్తున్న కదా బిడ్డా. నాకు తెల్వదా? నీకు రాదనుకున్న. తక్లీఫ్ పడుతున్నవ్, జెరంతల సీటు పోతదని భయమైంది. ఆయన ఇస్తనన్నడు. తీసుకున్న."

అరిచాను. ఇప్పుడు గుర్తు చేసుకోలేని మాటలు అన్నాను. అమ్మకు అప్పటిదాకా ఏమీ తెలియదు. తెలిశాక కూడా, "నీ కోసమే చేసిండు కదా, గట్లనకు" అంది. అదే నాకు భరించరానిదయింది. నా కోసం అంటూ నన్ను దొంగను చేసి, నాకే చెప్పకుండా నా చేత దొంగలను తిట్టించాడు. ఆ తిట్లు వింటూ పెరుగన్నం తిన్నాడు.

ఆ శనివారం రాసిన తొమ్మిది తలుపు మీద అలాగే ఉంది. దాని కింద ఇంకే అంకే లేదు. కాగితం తీసుకుని, ఆ రోజే నేర్చుకున్న ఆ తొమ్మిది ప్రశ్నల మార్కులు తీసేసి చూశాను. ప్రభుత్వ సీటు పోతుంది. ఎలా వేసినా పోతుంది. రాళ్లను ఏరగలమా లేదా అని అంత పెద్ద కోర్టు తల పట్టుకుంటుంటే, మా ఇంట్లో లెక్క సుద్దతో రాసి సిద్ధంగా ఉంది.

మళ్లీ లాయరమ్మ దగ్గరికి వెళ్లి నా పేరు తీసేయమన్నాను. ఎందుకని అడిగింది. ఇంటి సంగతి అన్నాను. ఆవిడ కళ్లద్దాలు తీసి నన్ను కాసేపు చూసి, "నువ్వు మైనర్‌వమ్మా. తీసేయాలన్నా మీ నాన్నే వచ్చి సంతకం పెట్టాలి" అంది. నాన్న వెళ్లలేదు. పోలీసులకు చెబుతానని ఇంట్లో రెండుసార్లు అన్నాను. చెప్పలేదు. ఆయన ఉద్యోగం పోయి, బేడీలతో ఫొటో పేపర్లో పడడం చూసే ధైర్యం నాకు లేదు. నా నిజాయితీ అంతవరకే.

తీర్పు వచ్చింది. లీకు కొద్దిచోట్లకే పరిమితమైందని, లాభపడ్డవాళ్లను గుర్తించారని, వాళ్లను తొలగించి మిగతా ర్యాంకులు ఉంచాలని, పరీక్ష రద్దు అవసరం లేదని కోర్టు చెప్పింది. గుర్తించినవాళ్లలో వర్క్‌షాపు ఆయన కొడుకు ఉన్నాడు. నేను లేను; ఆయన మా పేరు చెప్పలేదు. ఇరుగుపొరుగువాళ్లు వచ్చి నా చేతులు పట్టుకుని ఊపారు. న్యాయం గెలిచింది అన్నారు. అమ్మతో కలిసి వాళ్లను గేటు దాకా సాగనంపి వెనక్కి వచ్చేసరికి, నాన్న తడిగుడ్డతో తలుపు వెనక తుడుస్తున్నాడు.

"కోర్టే చెప్పింది కదా బిడ్డా. ఇంగ అయిపోయింది" అన్నాడు. ఆయన మొహంలో నిజంగానే తేలిక కనిపించింది. నెలల తర్వాత ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్లాక సుద్దముక్క వెతికి, అదే చోట తొమ్మిది రాశాను. ముందుకన్నా పెద్దగా రాశాను.

సీటు కూడా వచ్చింది. సర్టిఫికెట్లు పట్టుకుని నేనే వెళ్లి చేరాలి. ఫైలు సర్దుకున్నాను, చెప్పులు కూడా వేసుకున్నాను. గొప్పదాన్నేం కాదు, వెళ్లిపోదామనే అనుకున్నాను. తలుపు తీస్తే ఆ అంకె ఎదురొచ్చింది. చెప్పులు విప్పేశాను. నాన్న తిట్టాడు, బతిమాలాడు, చివరికి గోడ వైపు తిరిగి ఏడ్చాడు. గడువు దాటిపోయింది.

మరుసటి ఏడు మళ్లీ రాశాను. ఎవరినీ అడగనివ్వలేదు. నా ప్రశ్నలు నేనే చదువుకుని, నా తప్పులు నేనే లెక్కపెట్టుకున్నాను. పరీక్ష ముందు రోజు నాన్న కుర్చీ జరుపుకుని, "ఒక్క యాభై అడగనా" అన్నాడు. వద్దన్నాను. ఆయన కుర్చీ మళ్లీ వెనక్కి పెట్టాడు.

ర్యాంకు రాలేదు. పోయినసారి తొమ్మిది తీసేస్తే ఎక్కడ ఉండేదాన్నో, దాదాపు అక్కడే ఆగాను. ఇప్పుడు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్నాను. తలుపు వెనక మేకు కొట్టి నాన్న తన డ్యూటీ చొక్కా ఆ అంకె మీదే తగిలిస్తున్నాడు. తుడవలేదు, అది మాత్రం చెప్పాలి.

ఆయన చేసిన మోసాన్ని ఎప్పటికైనా క్షమిస్తానేమో. తండ్రి కదా. కానీ నాకు రాదని ఆయన వేసిన లెక్క సరిగ్గా తేలింది. దాన్ని మాత్రం క్షమించడం నా వల్ల కావడం లేదు. ఫలితం వచ్చిన రోజు ఆయన నన్ను ఎంతొచ్చింది అని కూడా అడగలేదు.