వెనక సీటులో మా ఆయన

పక్షవాతంతో మాట పడిపోయాక మా ఆయన ఏదైనా కావాలన్నది ఇదే మొదటిసారి. కొత్తపేటలో ఒక కాలేజీ ఆవరణలో నిలబెట్టిన పాత శిక్షణ విమానం ఫొటో పేపర్లో పడితే, దాని మీద పెట్టిన వేలు తీయలేదు. అలాంటి విమానంలోనే ఆయన ఎయిర్‌ఫోర్సులో కుర్రాళ్లకు నడపడం నేర్పేవారు. ఇంకెన్నాళ్లుంటారో డాక్టరు చెప్పలేకపోయారు. సరే, పదండి అన్నాను.

పొద్దున్నే విశాఖలో రైలెక్కి రాజమండ్రిలో దిగాం. రావులపాలెం బస్సులో నాకు ఉచితం, ఆయనకు టిక్కెట్టు. విమానాలు నడిపిన మనిషని చెప్పినా కండక్టరు వదల్లేదు. రావులపాలెంలో నేను పెసరట్టు తిని, ఆయనకు ఇడ్లీ పిసికి పెట్టాను. అక్కణ్నుంచి ఆటో. నడుం నొప్పి ఉన్నవాళ్లు బస్సే ఎక్కండి.

"పెద్దాయన్ని ఆసుపత్రికాండీ?" అని ఆటో అతను అడిగాడు. విమానం ఎక్కించడానికి అన్నాను. వెనక్కి తిరిగి నా మొహం చూశాడు.

కాలేజీ గేటు దాటగానే విమానం. తోక నేల మీద, ముక్కు ఆకాశంలోకి. నేల మీద నడిపేటప్పుడు ఎదర ఏమీ కనబడదట, వంకర్లు పోతూ దారి చూసుకోవాలట. సీట్లు ఒకదాని వెనక ఒకటి. ముందు విద్యార్థి, వెనక గురువు. నడిపే కర్ర ఇద్దరికీ చెరొకటి, రెండూ కలిసే కదులుతాయి. ఇంజిన్ హోరులో మాట వినపడకపోతే గురువు కర్ర కుదుపుతాడు, ఇక వదిలెయ్, నేను చూసుకుంటానని. విద్యార్థి రెండు చేతులూ పైకెత్తాలి. పెళ్లైన కొత్తలో ఇదంతా వంటింట్లో గరిటె పట్టుకుని నాకు నేర్పారు.

వాచ్‌మన్‌ని బతిమాలితే, "ఆయ్, ఎక్కించేద్దామండి" అన్నాడు. అతనూ ఆటో అతనూ కలిసి ఆయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టారు. నన్ను ముందు కూర్చోమని ఆయన సైగ. కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఎక్కి, కర్ర పట్టుకున్నాను. ఎంతసేపటికీ నా కర్ర కదల్లేదు. నిద్రపోయారేమో అనుకున్నాను, ముందున్నవాళ్లకు వెనకవాళ్ల మొహం కనబడదు కదా.

రెక్క మీద నిలబడ్డ వాచ్‌మన్ నా చెవి దగ్గరికి వంగాడు. "అమ్మగారూ, అయ్యగారు కర్ర తెగ కుదిపేస్తున్నారండీ. లోపలి తీగలు ఎప్పుడో తీసేసేరండి. మీ దాకా రాదండి."

ఆయన్ని లేపడం, కడగడం, తినిపించడం ఇన్నాళ్లూ నా పనే. ఇక వదిలెయ్ అంటున్నారు ఈ మనిషి. ఏడుపు ఆగలేదు. రెండు చేతులూ పైకెత్తాను. అప్పుడు గానీ ఆపలేదట.

విమానం చూడదగ్గదే, తప్పకుండా వెళ్లండి. నాకు మాత్రం దిగులే మిగిలింది. తిరుగు రైల్లో దుప్పటి కప్పబోతే నా చేయి పక్కకు నెట్టి, తనే లాక్కున్నారు. మోకాళ్ల దాకా వచ్చింది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుని, మిగతాది ఆయన నిద్రపోయాక కప్పాను.