చివరి అధ్యాయం మళ్ళీ చెప్పిన మామ్మగారు

పోయిన నెల ఒక గురువారం పొద్దున, ఆఫీసుకు తయారవుతుండగా మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో సందేశం వచ్చింది. నాలుగో అంతస్తు మామ్మగారు నిద్రలోనే పోయారని, పదకొండింటికి తీసుకెళ్తారని, ఆ వేళకు లిఫ్టు ఖాళీగా ఉంచమని. దాని కిందే ఎవరో ‘ఏ మామ్మగారు?’ అని అడిగారు. మణికొండలో ఇంత పెద్ద అపార్ట్‌మెంటులో అది అడగకూడని ప్రశ్నేమీ కాదు. జవాబు రాద్దామని కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఫోను పక్కన పెట్టేశాను. ఇది ఆ జవాబే అనుకోండి.

నాకు ఆవిడ లిఫ్టులోనే పరిచయం. ఐదేళ్ళ కిందట, నేను కొత్తగా కిరాయికి దిగిన వారంలో, కరెంటు పోయి లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. పైన ఏదో గీరుతున్నట్టు చప్పుడు. నేను తలుపు బాదబోయాను. చేతిలో కొత్తిమీర కట్టతో నిలబడ్డ ఆ పెద్దావిడ మాత్రం తల పైకెత్తి శ్రద్ధగా విన్నారు. “అది వాచ్‌మన్ పైన మెషీను గది గడియ తీస్తున్న చప్పుడండీ. ముందు చప్పుడేమిటో కనుక్కోవాలి. తర్వాత కావాలంటే భయపడొచ్చు,” అన్నారు.

ఆవిడ నవలలు రాశారని మా అమ్మ వల్ల తెలిసింది. అనంతపురం నుంచి వచ్చిన అమ్మ, ఆవిడ ఇంట్లో బల్ల మీదున్న పాత వారపత్రిక కాగితాల బైండు తిరగేసి అలాగే నిలబడిపోయింది. హైస్కూల్లో లెక్కల పుస్తకం మధ్య పెట్టుకుని చదివిన సీరియల్ అది. పాడుబడ్డ మేడలు, మూసిన గదులు, ఎవరూ లేని చోట అడుగుల చప్పుళ్ళు. అలాంటి నవలలు తెలుగులో అప్పుడప్పుడే మొదలవుతున్న రోజులు. పేరుండాల్సిన చోట రెండు పొడి అక్షరాలే ఉండడంతో రాసింది మగవాడని అందరూ అనుకున్నారట. అభిమానుల ఉత్తరాలు ‘అయ్యా’ అనే మొదలయ్యేవని, వాళ్ళాయన వాటిని నవ్వుకుంటూ పైకి చదివి వినిపించేవారని మామ్మగారు చెప్పారు.

ఆ మేడలన్నీ ఆవిడ కాకినాడలో రెండు గదుల క్వార్టర్సులో కూర్చుని కట్టారు. ఆయన ప్రభుత్వ భవనాల మరమ్మతులు చూసే ఓవర్సీరు. క్యాంపుకు వెళ్ళి పాత బంగళాల్లో దిగి వచ్చేవారు. రాగానే కాఫీ చేతికిచ్చి ఆవిడ ప్రశ్నలు మొదలుపెట్టేవారు. మెట్లెన్ని, కిటికీ ఏ వైపు, తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా. అన్నం ఉడికేలోపు రెండు పేజీలు అయ్యేవట. పాఠకుణ్ణి ఎంత భయపెట్టినా ఆఖరున దయ్యం ఉండదు. ప్రతి చప్పుడు వెనకా ఒక మనిషి తేలాల్సిందే. అది ఆవిడ పట్టుదల.

అమ్మ చదివిన ఆ సీరియలే ఆవిడ చివరి నవల. దాని దగ్గర ఆ పట్టుదలే అడ్డం వచ్చింది. ముగింపులో నిజంగా దయ్యాన్ని పెట్టమని పత్రికవాళ్ళు అడిగారు. ఆవిడ కుదరదన్నారు. ఆ వారం పత్రిక తెరిస్తే, వేరెవరో రాసిన చివరి అధ్యాయం ఆవిడ రెండు అక్షరాల కిందే అచ్చయి ఉంది, దయ్యంతో సహా. ఆవిడ రాసి పంపిన ముగింపు ప్రతి తిరిగి రాలేదు. యాభై ఏళ్ళు ఆవిడ మళ్ళీ కలం పట్టలేదు.

ఇదంతా తెలియక నేనొక పొరపాటు చేశాను. మాదాపూర్‌లో ఆడియో కథలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నా స్నేహితుడున్నాడు. అతనికి ఆ సీరియల్ చూపించాను. ఉత్సాహంగా వచ్చి, ముగింపు అదిరిపోయిందని, దయ్యాన్ని ఇంకొంచెం పెంచుదామని అన్నాడు. మామ్మగారు బైండు మూసి లోపల పెట్టేశారు. అతను వెళ్ళాక నేనే బతిమాలాను. ఒక్క అధ్యాయం కోసం మొత్తం నవల మరుగున పడిపోతుందని, ఇప్పటివాళ్ళకు కావలసింది అదేనని.

అప్పుడు చెప్పారు. అమ్మమ్మగారింట్లో పెరటివైపు గది ఒకటి ఎప్పుడూ మూసి ఉండేదట. దయ్యముందని పిల్లల్ని అటు పోనిచ్చేవారు కాదు. ఆవిడకు తొమ్మిదేళ్ళప్పుడు, మధ్యాహ్నం పెద్దవాళ్ళు కునుకు తీస్తుంటే, వెళ్ళి తలుపుకు చెవి ఆనించారు. లోపలి నుంచి ఒక ఆడగొంతు మెల్లగా, “ఇవాళ ఏ వారమే?” అని అడిగింది. ఆ గొంతు మామ్మగారి పిన్నిది. చిన్న వయసులోనే భర్త పోతే, మళ్ళీ పెళ్ళి చేసుకుంటానని పట్టుబట్టినందుకు, దయ్యం పట్టిందని చెప్పి గదిలో పెట్టేశారు.

“బుధవారమని చెప్పి పారిపోయి వచ్చేశానమ్మా. గడియ బయటే ఉంది. తీయలేదు.”

పిన్ని ఆ గదిలోనే పోయింది. నవల్లో తలుపు తెరిచాక కనిపించాల్సిన మనిషి ఆమే. పత్రికవాళ్ళు ఆమెనే దయ్యం చేశారు.

“దయ్యమనేస్తే ఇక తలుపు తీయక్కర్లేదు కదా. నా చేత ఆ మాట అనిపించకు,” అన్నారు మామ్మగారు.

స్నేహితుడికి వద్దని చెప్పేశాను. ఆ తర్వాత శనివారం మధ్యాహ్నాలు ఆవిడ అసలు అధ్యాయాన్ని గుర్తు తెచ్చుకుంటూ చెబితే నేను టైపు చేశాను. ఒక్కో మాట దగ్గర పావుగంట ఆగేవారు. నేను ‘భయంతో గజగజ వణికింది’ అని కొడితే, “కాదు, కొంగు కప్పుకుంది. అంతే రాయి,” అనేవారు. అప్పటినుంచి ఆఫీసులో నా ఈమెయిళ్ళు కూడా పొట్టివయ్యాయి.

పోయిన చలికాలం ఒక ఆదివారం మధ్యాహ్నం, మా అపార్ట్‌మెంటు కింది హాల్లో ఆ అధ్యాయాన్ని ఆవిడే చదివారు. ఇరవై మంది దాకా వచ్చారు. అమ్మ అనంతపురం నుంచి మళ్ళీ వచ్చి ముందు వరసలో కూర్చుంది. గది తెరుచుకున్నాక లోపలున్నామె మొదట అడిగేది, ఇవాళ ఏ వారమని. అక్కడ మామ్మగారి గొంతు ఆగింది. మంచినీళ్ళు ఇద్దామని నేను లేచాను. ఆవిడ చేత్తోనే వద్దని సైగ చేసి, “బుధవారం. బయటికి రా పిన్నీ,” అని చదివారు. తర్వాతి పేజీలన్నీ తడబడకుండా పూర్తిచేశారు. అమ్మ ఆ అధ్యాయం జిరాక్సు ఒకటి అడిగి తీసుకుంది. అచ్చు వేసేవాళ్ళెవరూ రాలేదు. ఆవిడ ఎదురుచూడనూ లేదు.

అందరూ వెళ్ళాక, ఆవిడ ఇంట్లో పనిచేసే యాదమ్మ కుర్చీలు సర్దుతూ అడిగింది. “గా గదిలకెళ్ళి బయటికొచ్చినామె తర్వాత ఏడికి వోయిందమ్మా?”

“ఏమో యాదమ్మా, అంతవరకూ ఆలోచించలేదు.”

“గట్లెట్ల? జర సోచాయించుండ్రి మరి.”

మామ్మగారు నవ్వి, కాగితాలు మడిచి, కిటికీ దగ్గరికి వెళ్ళారు. చేతిలో కుర్చీతోనే యాదమ్మ కూడా వెళ్ళి పక్కన నిలబడింది. ఆఫీసు క్యాబులు లేక బయట రోడ్డు ఎండలో తెల్లగా, ఖాళీగా ఉంది. ఎవరో నడిచి వెళ్తుంటే మలుపు తిరిగేదాకా చూస్తున్నట్టు, ఇద్దరూ చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయారు.