స్కాన్ మందు ఎక్కించిన రోజు

ప్రాణదాత అయిన దేవునికి స్తోత్రం. మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఎముకల స్కాన్ కోసం నాకు టెక్నీషియం ఎక్కించారు. అది మనుషులు తయారుచేసే రేడియోధార్మిక మూలకమట. ఆరు గంటలకోసారి సగానికి తగ్గుతుందట. మర్నాటిదాకా గర్భిణులకు దూరంగా ఉండమన్నారు.

మన్సూరాబాద్‌లో ఇల్లు చేరేసరికి ఓపిక లేదు. శుక్రవారం కదా, ప్రార్థనకు వచ్చేవారి కోసం అలవాటుగా తలుపు తీసే ఉంచి కళ్లు మూసుకున్నాను. మా సంఘంలోని సునీత, పెళ్లయిన పన్నెండేళ్లకు గర్భం నిలిచిన పిల్ల, వచ్చి నా చేయి తీసి కడుపు మీద పెట్టుకుంది.

"దూరం పో!" అని అరిచి చేయి లాక్కున్నాను.

"ఏందమ్మా, నా బిడ్డకు దీవెన లేదా?" అని ఏడ్చింది.

"పిచ్చిదానా, నా ఒంట్ల స్కాన్ మందున్నది, బిడ్డకు మంచిది కాదు. ఎల్లుండి రా, రెండు చేతులు పెడత."

"జర ముందే చెప్పరాదమ్మా! పానం పోయింది."

గేటు అవతల నిలబడి, తనే నా కోసం ప్రార్థించింది. అందరి తలల మీదా చేతులుంచే నేను ఊరికే కూర్చుని విన్నాను. ఆమె కాన్పు క్షేమంగా జరగాలని మీరూ నాతో కలిసి ప్రార్థించండి.