సాక్ష్యం చెప్పాక ఆపేసిన గోళీలు

ఆ ఆదివారం మందిరంలో పాట రెండో చరణం దాటలేకపోయాను. మూడు వారాలుగా ఉన్న దగ్గే. కానీ ఆ రోజు చేతిరుమాలులో సన్నని ఎర్రచార కనిపించింది. డైరీలో "భయం" అని ఒక్క మాటే రాసుకున్నాను.

మర్నాడు అమ్మ కోస్గి దవాఖానకు తీసుకెళ్ళింది. ఎక్స్‌రే, తెమడ పరీక్ష అయ్యాక టీబీ అన్నారు. "ఆరు నెలలు గోళీలు మింగాలె. ఒక్కరోజు గూడ తప్పొద్దు," అంది డాక్టరమ్మ.

ఆ గోళీలకు మూత్రం ఎర్రగా వచ్చేది. అన్నం చూస్తే కడుపులో తిప్పేది. మా పాస్టరమ్మ వచ్చి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించేది. మూడో నెలకు దగ్గు పోయి బరువు పెరిగాను.

మా సంఘంలో దేవుని వల్ల మేలు పొందినవాళ్ళు లేచి దాన్ని అందరికీ చెప్పాలి, అదే సాక్ష్యం. నలుగురిలో నోరు విప్పడం నా వల్ల కాదు. పాస్టరమ్మ లేపితే, "ప్రభువు నన్ను పూర్తిగా స్వస్థపరిచాడు" అని గొణిగి కూర్చున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చి గోళీల అట్ట పట్టుకుంటే సిగ్గేసింది. పూర్తిగా బాగైందని దేవుని ముందు చెప్పి ఇంకా మందేమిటి? మింగితే ఆ మాట అబద్ధమైపోతుందనిపించింది. అట్టలు బట్టల కింద దాచాను. అమ్మ అడిగితే మింగానన్నాను. ఆ అబద్ధం మాత్రం రోజూ ఆడాను.

రెండు నెలలు తిరగకుండానే సాయంత్రం జ్వరాలు మొదలయ్యాయి. అట్టలు అమ్మ కంటపడ్డాయి. "సావాలనుకున్నవానే?" అంటూ కూలబడింది.

డాక్టరమ్మకు తల దించుకుని అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. "మధ్యల ఆపితే టీబీ మందుకు లొంగకుంట అయితది తల్లీ. మళ్ల టెస్టుకు పంపుతున్న. రెసిస్టెన్స్ ఉంటే చాన కష్టం."

టెస్టు ఫలితం వచ్చేదాకా ఆ నాలుగు రోజులు ప్రార్థనకు మాటలు రాలేదు. అంతకుముందు డైరీలో ప్రార్థనలు అందంగా రాసేదాన్ని. ఈసారి ఇంతే రాశాను: "ప్రభువా, నీకు మంచిపేరు తెద్దామని అబద్ధమాడాను. క్షమించు."

రెసిస్టెన్స్ లేదు. మళ్ళీ మొదటి నుంచి ఆరు నెలలు. దవాఖాన మెట్లమీద అమ్మా నేనూ ఏడుస్తూనే నవ్వుకున్నాం.

మాస్కు పెట్టుకుని వెళ్ళి, పాస్టరమ్మ వాకిట్లో నిలబడి జరిగింది చెప్పాను. "ఓసి పిచ్చిదానా! నేను రోజూ షుగర్ గోళీ మింగినంకనే వాక్యం చెప్తలేనా? జర నన్నడగకపోతివి!" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నిన్ను తొందరపడి లేపింది నేనే. తప్పు నాది గూడ ఉంది బిడ్డా," అంది.

డాక్టరమ్మ చెప్పినన్ని రోజులు ఇంట్లోనే ఉండి, ఆ తర్వాతి ఆదివారం మందిరంలో ఎవరూ లేపకుండానే లేచాను.

"నాకింకా పూర్తిగ బాగుకాలే. నేనే గోళీలు ఆపిన. మళ్ల మొదలువెట్టిన. ఓపిక ఇయ్యమని ప్రార్థన చెయ్యుండ్రి."

చప్పట్లు లేవు. వెనక నుంచి మరియమ్మ పెద్దమ్మ గొంతు వినిపించింది: "నేను గూడ బీపీ గోళీ బందువెట్టిన బిడ్డా. రేపటిసంది ఏసుకుంట."

కోర్సు అయిపోయింది. చివరి పరీక్షలో టీబీ లేదని వచ్చింది. ఇప్పుడు పాట చివరి చరణం దాకా పాడుతున్నాను. జబ్బుతో మానేసిన ట్యూషన్ తిరిగి పిల్లలకు చెబుతున్నాను. ప్రార్థనలు డైరీలో చిన్నగా, ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను.

మందు వాడుతున్నవాళ్ళకు ఒక్క మాట. ఒళ్ళు తేలికైందని గోళీలు ఆపకండి, డాక్టరు చాలన్నప్పుడే ఆపండి. అప్పటిదాకా ఎవరైనా అడిగితే "బాగుపడుతున్నాను" అనండి. దేవునికి ఆ మాట చాలు.