నేనొక్క మీట నొక్కితే కోడూరు జట్టు పోయింది

నేను చేసిన తెలివితక్కువ పనులన్నింటినీ వరసగా నిలబెడితే ఆ వరస బందరు బస్టాండులో మొదలై జిల్లా కోర్టు గుమ్మం దాకా వస్తుంది. వాటిలో చాలా వాటిని మా ఇంట్లో వాళ్లు మర్చిపోయారు. ఒక్కదాన్ని మాత్రం ఎవరూ మర్చిపోలేదు, మర్చిపోనివ్వరు కూడా. ఒక ఆదివారం పొద్దున్న ఒకే ఒక్క మీట నొక్కి, పదకొండు మంది క్రికెట్ ఆటగాళ్లను, ఒక ప్రపంచ కప్పును, కాలు విరిగిన ఒక రైతు సంతోషాన్ని ఒక్కసారిగా మాయం చేశాను. చెబుతాను, నవ్వుకోండి. ఆ రోజు నేను మాత్రం నవ్వలేదు.

రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయిన రోజులవి. లా పాసై, బందరులో పురుషోత్తం గారనే పెద్ద ప్లీడరు దగ్గర జూనియరుగా చేరి రెండేళ్లయింది. నా నల్లకోటు ఇంకా కొత్త వాసన వేస్తూనే ఉంది. ఆ కోటు వేసుకుని రిక్షా ఎక్కితే, రిక్షా కూడా నాకు లేచి నిలబడుతుందని నా నమ్మకం.

అప్పుడే మా అమ్మ తమ్ముడు సాంబశివరావు మావయ్య కాలు విరగ్గొట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మావయ్యది కోడూరు. రొయ్యల చెరువుల మీద బతుకు. చెరువు గట్టు మీద మోటార్ సైకిల్ జారింది. డాక్టరు తొడ దాకా కట్టు కట్టి, మూడు నెలలు కదలొద్దన్నాడు. జన్మలో అరగంట ఒక చోట కూర్చోని మనిషి మా ముందుగదిలో మంచానికి అతుక్కుపోయాడు. వారం తిరిగేసరికి ఫ్యాను తిరగడంలో కూడా తప్పులు పట్టడం మొదలుపెట్టాడు.

ఆ బాధ చూడలేక మా నాన్నే బెజవాడ నుంచి వీడియో గేముల పెట్టె ఒకటి పాతది తెచ్చాడు. పరాయి దేశంలో అమ్మిన పెట్టె, చేతులు మారి ఇక్కడికి వచ్చింది. తీరా చూస్తే మన దగ్గర దొరికే సీడీ దేన్నీ అది తీసుకోదు.

"ఏ దేశంలో అమ్మిన పెట్టెకి ఆ దేశపు సీడీనే మావయ్యా. కంపెనీ వాళ్లు అలా తాళం వేశారు" అని నేను వివరించాను.

"అదేం తాళమే? ఏ దేశపు బియ్యమైనా మా కుక్కర్లో ఉడుకుతున్నాయిగా!" అన్నాడు మావయ్య.

గుడివాడలో టీవీలు బాగుచేసే జాన్‌బాబు ఆ తాళం సంగతి చూశాడు. తలుపు వేసుకుని, నాలుగు మరలు విప్పి, లోపల గోరంత ముక్క ఏదో అతికించాడు. ఇక అన్ని దేశాల సీడీలూ అందులో హాయిగా తిరిగాయి.

మావయ్య పట్టుకున్నది క్రికెట్ ఆట. అందులో ఆటగాళ్ల పేర్లు మార్చుకోవచ్చని తెలిశాక ఆయన జీవితమే మారిపోయింది. కోడూరు జట్టు పుట్టింది. మొదటి బ్యాట్స్‌మన్, చెరువు దగ్గర కాపలా ఉండే ఏసుబాబు. జన్మలో బ్యాటు పట్టని మనిషి. వికెట్ కీపరు, కట్టు కట్టిన డాక్టరు. ఫాస్ట్ బౌలరు సాక్షాత్తూ సాంబశివరావు, వయసు ఇరవై రెండు, రెండు కాళ్లూ గట్టివి.

రెండు నెలలు పగలల్లా ఆడి, ఆ జట్టును ప్రపంచ కప్పు ఫైనలు దాకా తీసుకెళ్లాడు మావయ్య. ఏసుబాబు ఒక్కడే తొమ్మిది సెంచరీలు కొట్టాడు. ఫైనలు ఆదివారం అని ప్రకటించి, కోడూరుకు ఫోను చేసి, నలుగురు స్నేహితుల్నీ ఏసుబాబునూ పొద్దున బస్సుకు వచ్చేయమన్నాడు.

ఇదిగో, ఇక్కడ నేను ప్రవేశించాను.

మా ఇంటికి ఆ నెలలోనే ఇంటర్నెట్టు వచ్చింది. ఆదివారం తొమ్మిదిన్నరకి వైరు ఒకటి పట్టుకుని ముందుగదిలోకి వెళ్లాను.

"మావయ్యా, దీన్ని నెట్‌కి కలుపుతాను. కంపెనీ వాళ్లు కొత్త అప్‌డేట్ ఇచ్చారట. ఆటగాళ్ల మొహాలు బాగా కనిపిస్తాయి."

"ఇప్పుడు కనిపిస్తున్నాయిగా."

"ఇంకా బాగా."

"ఏసుబాబు మొహం ఇంకా బాగా కనిపిస్తే ఏం ఒరుగుతుందే? వదిలెయ్."

నేను వదిలే రకమా? వైరు గుచ్చాను. తెర నిండా చీమల బారుల్లా ఇంగ్లీషు అక్షరాలు దిగాయి. అడుగున 'అంగీకరిస్తున్నాను' అని ఒక మీట.

"ఏదో రాశాడు. చదువు" అన్నాడు మావయ్య.

"ఇది ఎవరూ చదవరు మావయ్యా. అందరూ నొక్కేస్తారు."

"నువ్వు ప్లీడరువి కదే?"

"ప్లీడర్ని కాబట్టే ఏది చదవాలో, ఏది అక్కర్లేదో నాకు తెలుసు" అన్నాను. ఈ వాక్యం నా నోట్లోంచి వచ్చిందని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

నొక్కాను. పచ్చగీత ఒకటి మెల్లగా నిండింది. పెట్టె ఆగి, మళ్లీ వెలిగింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కనిపించాయి. ఈ పెట్టెలో అనుమతి లేని మార్పు జరిగినట్టు గుర్తించామనీ, ఇకపై ఇది పనిచేయదనీ వాటి భావం. అంతే. ప్లగ్గు తీసి పెట్టాను, తట్టాను, ఊదాను, దణ్ణం పెట్టాను. మళ్లీ అవే అక్షరాలు.

"ఏమంటోంది?" అన్నాడు మావయ్య.

"జాన్‌బాబు విప్పాడని తెలిసిపోయిందట."

నేను కోపంతో ఊగిపోతూ కంపెనీ వాళ్ల ఫోను నంబరు పట్టుకుని, స్పీకరు పెట్టి మోగించాను. అవతల ఒకాయన నా ఇంగ్లీషు రెండు వాక్యాలు విని, జాలిపడి, తెలుగులోకి దిగాడు.

"మేడమ్, మీ పెట్టె మీదేనండి. అందులో నడిచే ప్రోగ్రాము మాత్రం కంపెనీది. అది మీరు కొనలేదు, వాడుకోవడానికి అనుమతి తీసుకున్నారు."

"నేనెప్పుడు తీసుకున్నానండీ?"

"ఇందాక తొమ్మిదీ నలభైకి మేడమ్. అంగీకరిస్తున్నానని నొక్కారు."

"మరి ప్రోగ్రాము లేని పెట్టెతో నేనేం చేసుకోవాలండీ?"

ఆయన నిజంగానే కాసేపు ఆలోచించాడు. "అది మీ ఇష్టం మేడమ్. పెట్టె మీ సొంతం."

ఫోను పెట్టేసరికి గేటు చప్పుడైంది. కోడూరు బృందం దిగింది. ఒకరి చేతిలో రొయ్యల డబ్బా, ఒకరి చేతిలో టపాకాయలు. అందరికన్నా వెనకాల ఏసుబాబు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, తన పెళ్లికి తానే వచ్చినట్టు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, టీవీకి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నేనింకా రాలేదాండీ?" అన్నాడు నల్లటి తెరను చూస్తూ.

మావయ్యే నెమ్మదిగా విషయం చెప్పాడు. తిడతారనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. అందరి మొహాల్లోనూ కోపం బదులు ఒక విధమైన భక్తి కనిపించింది.

"గుడివాడలో జాన్‌బాబు తలుపేసుకుని విప్పాడు కదా సాంబయ్యా, ఆ కంపెనీవాడికెలా తెలిసింది?" అన్నాడొకాయన.

"వైరులోంచి చూశాడట."

"సముద్రం అవతల నుంచి? నాలుగు మరలు?"

"ఆ నాలుగే."

"అబ్బ! ఏం కన్నురా వాడిది!"

అందరూ నేల మీద పడున్న ఆ వైరు వంక చూశారు. దాని పక్కనే కాళ్లు చాపుకున్న పెద్దమనిషి మెల్లగా కాళ్లు ముడుచుకున్నాడు. ఏసుబాబు చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. నేను వెళ్లి వైరు పీకేశాక గానీ ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. టపాకాయలు పేల్చకుండానే వెనక్కి పట్టుకెళ్లారు. వెళ్తూ వెళ్తూ ఏసుబాబు తెర వైపు తిరిగి తిరిగి చూశాడు.

"ఏడవకు మావయ్యా" అన్నాను, ఆయన ఏడవకపోయినా. "కొన్న వస్తువును అమ్మినవాడు పాడుచేయడం ఏ చట్టంలో ఉంది? నోటీసు ఇస్తాను. కోర్టుకి లాగుతాను."

సోమవారం ఆ ఒప్పందం మొత్తాన్ని నెట్ సెంటర్లో ప్రింటు తీయించి, పురుషోత్తం గారి బల్ల మీద పెట్టాను. ఆయన బస్సు టికెట్టు కొంటే వెనక వైపు కూడా చదివి గానీ జేబులో పెట్టుకోరు. రెండు రోజులు మరో కాగితం ముట్టుకోలేదు. బుధవారం మావయ్యను పిలిపించారు. మావయ్య చంకకర్రల మీద వచ్చి కూర్చున్నాడు. పురుషోత్తం గారు కళ్లజోడు తీసి, ఆ కాగితాల దొంతరకు రెండు చేతులూ జోడించి నమస్కారం చేశారు.

"సాంబశివరావు గారూ, నలభై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. ఇలాంటి చెయ్యి చూడలేదు. ఒక్క సందు వదల్లేదండీ! ఈ పదకొండో పేజీ వినండి. నియమాలు వాళ్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మార్చాక మీరు పెట్టె ముట్టుకుంటే ఒప్పుకున్నట్టే. అంటే మనం సంతకం పెట్టాక కూడా వాడు కాగితం రాస్తూనే ఉంటాడు! ఈ ఆలోచన మనకెందుకు రాలేదు సునందా?"

"కొన్నాక కూడా వాళ్ల పెత్తనమేనాండీ?" అన్నాడు మావయ్య.

"చెరువు మీదే, నీళ్లు వాళ్లవి. మీకిష్టమైన రొయ్య వదిలారనుకోండి, వచ్చి నీళ్లు తోడేస్తారు."

"తగాదా వస్తే?"

"వాళ్ల ఊరి కోర్టులో. సముద్రం అవతల."

మావయ్య కిటికీలోంచి రేవు వైపు చూశాడు. "మన దగ్గర్నుంచి ఓడలు వెళ్తాయాండీ?"

"ఎప్పుడో వెళ్లేవి."

మావయ్య గొంతు సవరించుకున్నాడు. "పెట్టె నాది, ఆట వాళ్లది. సరే. మరి కోడూరు జట్టు ఎవరిది? అది నేను చేసుకున్నదే కదా?"

పురుషోత్తం గారు పేజీలు తిప్పారు. ఆయన మొహం ఇంకా వెలిగింది. "ఇదీ రాశాడు! ఆటలో మీరు తయారు చేసుకున్నదాని మీద కూడా హక్కు వాళ్లదే."

"ఏసుబాబు కూడానా?" మావయ్య నిజంగా బెదిరిపోయాడు.

"బ్యాటింగు వరకేనండి. మనిషి మీవాడే."

గదిలో కాసేపు అందరం ఆ కాగితాల వంక అలా చూస్తూ ఉండిపోయాం. ఆకాశంలో పెద్ద విమానం వెళ్తుంటే తలెత్తి చూస్తామే, అలాగ. తర్వాత పురుషోత్తం గారు నా వైపు తిరిగారు.

"ఇది చదివే ఒప్పుకున్నావా అమ్మా?"

"లేదు సార్."

"మరి రెండేళ్లుగా నా దగ్గర ఏం నేర్చుకుంటున్నావు?"

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. నల్లకోటులో నేను బఠాణీ గింజంత అయిపోయాను. నోటీసూ లేదు, కేసూ లేదు. నా మొట్టమొదటి కేసు నా మీదే పెట్టాల్సిన కేసని ఆ రోజు తెలిసింది.

ఎండాకాలంలో మావయ్య కట్టు విప్పారు. ఆ సమయానికి రొయ్యలు పట్టేసి చెరువు ఎండబెట్టారు. అడుగు మట్టి పలకలా గట్టిపడింది. మావయ్య అందులో కర్రలు పాతించి, ఆగిపోయిన ఫైనలు అక్కడే ఆడించాడు. అటు పక్క ఊరి జట్టు, ఇటు కోడూరు జట్టు. కీపింగుకు బందరు నుంచి డాక్టరు గారు నిజంగానే వచ్చారు. సాంబశివరావు, వయసు యాభై నాలుగు, కుర్చీ వేసుకుని గట్టు మీద కూర్చున్నాడు.

ఏసుబాబు అదే తెల్ల చొక్కాతో దిగాడు. మొదటి బంతికే మూడు కర్రలూ లేచిపోయాయి.

"నేనేం చేసేదిరా" అన్నాడు మావయ్య, "నీ బ్యాటింగు కంపెనీ దగ్గరుంది!"

"బౌలింగు గురించి కాగితంలో ఏమైనా రాశారాండీ?" అన్నాడు ఏసుబాబు.

రాయలేదని నేను చెప్పాను. అప్పటికి ఆ ఒప్పందం నాకు మొత్తం కంఠతా వచ్చింది. ఏసుబాబు చేతులు దులుపుకుని బంతి అడిగి తీసుకున్నాడు. చెరువు మీదికి వచ్చే కొంగల్ని పాతికేళ్లుగా మట్టిబెడ్డలతో తోలిన చెయ్యి అది. ఏడు వికెట్లు తీశాడు. గట్టంతా కేకలు. అవతల జట్టు వాళ్లు కూడా వచ్చి ఆ చేతిని పట్టుకుని, తిప్పి తిప్పి చూశారు.

నాకు కళ్లు చెమర్చాయి. అప్పుడే మావయ్య ఒక కాగితం నా ముందు పెట్టాడు. "గెలిచాం కదే, దీని మీద ఒక సంతకం పడెయ్యి."

పడేశాను. కళ్లనిండా నీళ్లు, చెవులనిండా కేకలు. మీరైనా అదే చేసేవారు.

"చదివావా?" అన్నాడు మావయ్య.

అప్పుడు చదివాను. 'మావయ్య ఇంట్లో కరెంటుతో నడిచే ఏ వస్తువునూ ముట్టుకోను. కోడూరు జట్టు ఆడినన్నాళ్లూ, ఎండలోనైనా స్కోరు రాస్తాను. ఈ నియమాలు మావయ్య ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇందుకు అంగీకరిస్తున్నాను.' కింద నా సంతకం, నా చేతిరాత. పక్కన సాక్షి సంతకం పురుషోత్తం గారిది. అది ఆయన ముందురోజే పెట్టి పంపించారు!

ఆ చెరువు మధ్యలో నిలబడి, సూర్యుడి సాక్షిగా, నల్లకోటు సాక్షిగా నేనొక భీషణ ప్రతిజ్ఞ చేశాను. ఇక మీదట పది పేజీలైనా, పది అక్షరాలైనా, ఆఖరికి అగ్గిపెట్టె మీద రాతైనా, చివరిదాకా చదవనిదే దేనికీ అంగీకరించను గాక అంగీకరించను! ఇంత గట్టిగా అరిచి చెబుతుంటే, మావయ్య నా చేతిలోంచి ఆ కాగితం మెల్లగా లాక్కుని, మూడో నియమం ప్రకారం అంటూ నాలుగోది రాసుకోవడం మొదలుపెట్టాడు.